నీటి క్రింది పద్దు

ఇల్లాలి చేతిలో రెండు పద్దులుండును. ఒకటి కాగితముమీద వ్రాసికొనునది. పాలకెంత, బియ్యమునకెంత, పిల్లల పుస్తకములకెంత యని తేదీవారీగా దిగునది. రెండవది మనసున నుండునది. జాడీలో ఊరగాయ యెంత తరిగినది, పప్పుడబ్బా యెన్నాళ్ళు వచ్చును అనునది. ఈ రెంటిలో నేది తప్పినను సంసారము కుంటుపడును. పొలములకు కరణములు లెక్కలు వ్రాసిరి. అడవులలో చెట్లను, పులులను సైతము లెక్కించుచున్నారు. మరి సముద్రమునకు పద్దు వ్రాయువారెవరు? అలల క్రింద బ్రతుకు జీవులను, వాని నీటిలోనికే దిగి చూచి, లెక్కించి, వ్రాసి తెచ్చు పని యొకటి నేడు లోకమున సాగుచున్నది. ఆ పనిని గూర్చియు, అది మా బంధువర్గమున రేపిన వివాదమును గూర్చియు నాలుగు మాటలు వ్రాయదలచితిని.

విజయనగరము పేరు చెప్పగానే చదువరులకు కోట, సంగీత కళాశాల, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము తలపునకు వచ్చును గాని సముద్రము రాదు. అయినను మా జిల్లాకు కొద్దిపాటి తీరము గలదు. భోగాపురము, పూసపాటిరేగ మండలముల అంచున ముక్కాము, కోనాడ, చింతపల్లి, తిప్పలవలస మొదలగు మత్స్యకార గ్రామములున్నవి. చంపావతీనది కోనాడ యొద్ద కడలిలో కలియును. చింతపల్లిలో ఓడలకు దారి చూపు దీపస్తంభమున్నది. ఆవల నీటిలో మునిగియుండు రాళ్ళకు వెరచియే పూర్వము నావికులకు అచట దీపము కావలసివచ్చినది. నావికునకు గండమైన రాయి చేపకు ఇల్లు. రాతి సందులలో చిన్నచేపలు దాగును, వానికొరకు పెద్దచేపలు వచ్చును. కావుననే మత్స్యకారులకు ఆ చోటు మీద మక్కువ.

మా యింట చేప వండు ఆచారము లేదు. చిన్ననాట మా తండ్రిగారు అమరము వల్లె వేయించునపుడు తిమి, తిమింగిలము అను పదములు నా నోటికి వచ్చినవే గాని వాని రూపము నెరుగనైతిని. మా వారు తీరపు గ్రామములలో నొకదాని యందు ఉపాధ్యాయులు. ఉదయము బస్సుమీద పోయి సాయంకాలమునకు వత్తురు. ఆయన శిష్యులలో సగముమంది మత్స్యకారుల బిడ్డలు. వారి నోట ఆయన విన్న చేపల పేర్లు రాత్రి భోజనవేళ నాకు చెప్పుచుండెడివారు. వంజరము, కోనము, చందువ, బొంతు, తిమిరి అను నా పేర్లు వినుటకు నాకెంతయో యింపుగా నుండెడివి. నిఘంటువులో వెదకిన కొన్ని దొరకెను, కొన్ని దొరకలేదు.

దొరకని పేర్లు దొరకిన చోటు మరియొకటి కలదని తరువాత తెలిసినది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు 1781లో తన సోదరునితో విశాఖపట్టణమునకు వచ్చెను. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయనను ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించెను. ఆయన మన తీరపు సర్పములను, మత్స్యములను పరిశీలించి, 1789లో స్వదేశమునకు మరలెను. మనము రక్తపింజరి యనెడి పామునకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు ఆయన పేరుమీదనే గలదు. 1803లో విశాఖపట్టణపు చేపలు రెండువందలను బొమ్మలతో, వర్ణనలతో రెండు సంపుటములుగా లండనులో అచ్చొత్తించెను. ఆ గ్రంథమందలి గొప్ప యేమనగా, అనేకమైన చేపలకు ఆయన మన మత్స్యకారులు పలికిన తెలుగు పేర్లనే తన చెవికి వినబడినట్లు ఇంగ్లీషు లిపిలో వ్రాసి యుంచెను. తిమిరి, పాలసొర, తెల్లచందువ, నల్లచందువ, బొంతు, పలస యనునవన్నియు అందున్నవి. తాకినంతనే చేయి తిమ్మిరి యెక్కించు చేపకు తిమిరి యను పేరెంత తగియున్నదో చూడుడు! 1829లో కువియే యను ఫ్రెంచి పండితుడు, మనము పులస యనెడి చేపకు శాస్త్రనామము పెట్టునపుడు రస్సెల్ వ్రాసిన పలస యను మాటనే చేర్చెను. అంతకు ముందే మరియొకరు పెట్టిన పేరుండుటచే శాస్త్రనియమము ననుసరించి ఆ పాతపేరే నేడు చెల్లుచున్నది. అయినను మన తీరపు జాలరి నోటిమాట యొకటి పారిసు పండితుని గ్రంథమున కెక్కినది.

అయితే రస్సెల్ చూచిన చేపలు ఒడ్డునకు వచ్చిన చేపలు. వల యేది తెచ్చిన అదియే ఆయనకు దొరకెను. నేటికిని సముద్రపు లెక్కలలో పెక్కు ఇట్టివే. 1947లో మన దేశమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ యేర్పడినది. రేవులలో దిగు చేపను నమూనాగా తూచి, రకములు విడదీసి, దేశమందలి పట్టుబడి యెంతయో కట్టుట ఆ సంస్థవారి పనులలో నొకటి. అది అమూల్యమైన పని. కాని బజారునకు వచ్చిన వంకాయలను లెక్కించి తోటలో మొక్కలెన్నియో చెప్పజాలము. వలకు చిక్కనిదియు, అమ్మకమునకు రానిదియు, రాతినంటుకొని కదలక బ్రతుకునదియు ఆ పద్దులో నెక్కవు. వానిని చూడవలెనన్న మనిషియే దిగవలెను.

ఫ్రాన్సు దేశమున కూస్తో, గన్యాన్ అనువారు 1943లో వీపున కట్టుకొను గాలి సిలిండరుతో నీటిలో స్వేచ్ఛగా నీదు సాధనమును సిద్ధపరచిరి. 1954లో వెర్నన్ బ్రాక్ అను శాస్త్రజ్ఞుడు హవాయి దీవులలో, ఆ విధముగా దిగి చేపలను కంటితో చూచి లెక్కించు పద్ధతిని ప్రకటించెను. నేడు లోకమంతట అనుసరించు పద్ధతులకు అది మూలము. శాస్త్రజ్ఞులేగాక, శిక్షణ పొందిన సామాన్యులు సైతము ఈ పని చేయుదురు. 1997లో రీఫ్ చెక్ అను సంస్థ యిట్టివారిచేత అనేక దేశములలో ఒకే పద్ధతిని పగడపు దిబ్బల లెక్క తీయించెను.

పద్ధతి మనకు దుర్గ్రాహ్యమైనది గాదు. మునుపే నిశ్చయించిన లోతున, నేలమీద నొక కొలత టేపును సరళముగా పరతురు. టేపునకు ఇటు రెండున్నర మీటర్లు, అటు రెండున్నర మీటర్లు మాత్రమే చూడవలెను. ఆ బాటలో నున్న చేపయే లెక్కలోనిది. అంతకు అవతల ఎంత సొగసైన చేప యీదినను అది పద్దున కెక్కరాదు. చేపలు బెదరి పారిపోవును గనుక వానిని ముందు లెక్కింతురు. శంఖములు, నక్షత్రపు చేపలు, పగడములు, సముద్రపు కలువలవంటి కదలని జీవులను తిరుగుదారిలో లెక్కింతురు. దేనిని తాకరాదు, తేరాదు. వ్రాయుటకు ప్లాస్టిక్ పలక, సీసపు పెన్సిలు. సిరా నీటిలో కరగును, పెన్సిలు గీత కరగదు. మా బడిపిల్లల పలక సముద్రగర్భమున సైతము పనికివచ్చుచున్నదని విని మా వారెంతయు సంతోషించిరి.

నీటిలో కన్ను మోసపోవును. అద్దము వెనుకనుండి చూచువానికి ప్రతి వస్తువును దగ్గరగా, ఉన్నదానికంటె సుమారు మూడవవంతు పెద్దదిగా తోచును. అందుచేత కొత్తవారికి ముందుగా కొలత తెలిసిన ప్లాస్టిక్ చేపబొమ్మలను నీటిలో చూపి అంచనా నేర్పుదురు. రంగులును నమ్మదగినవి గావు. ఎరుపు ముందుగా మాయమగును. ముప్పది, నలువది అడుగుల లోతున కుంకుమబొట్టు నల్లగా కనబడును. చేతిదీపము వేసిననే అసలు రంగు తెలియును. ఇక మన సముద్రమున మరియొక కష్టము గలదు. వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని మొదలగు నదులు వానకారున ఒండ్రుమట్టిని తెచ్చి కడలిలో కలుపును. ఆ దినములలో చాచిన చేయియే కనబడదు. దిగిన చోట ఎంత దూరము కనబడినదో వ్రాయని లెక్క అందుచేత నిరుపయోగము. తేది, వేళ, స్థలము, లోతు, నీటి వెచ్చదనము, కనుచూపు, చూచినవారి పేరు, ఇవన్నియు పలక తలమీద ముందుగా పడవలెను.

అపాయమును దాచి వ్రాయుట ధర్మము గాదు. పది మీటర్లు దిగుసరికి దేహముమీద ఒత్తిడి ఒడ్డుననున్నదానికి రెట్టింపగును. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తమున కరగును. గోలీసోడా మూత తీసినట్లు చరచర పైకి వచ్చిన అది బుడగలై కీళ్ళను, నరములను బాధించును, ప్రాణమునకే ముప్పు తేవచ్చును. అందుచే నిమిషమునకు తొమ్మిది, పది మీటర్లకు మించక మెల్లగా పైకి వచ్చి, అయిదు మీటర్ల లోతున మూడు నిమిషములు నిలిచి, పిమ్మట తల పైకెత్తవలెను. ఊపిరి బిగబట్టరాదు. తోడు లేనిదే దిగరాదు. ఇవి ఆ విద్యలోని ప్రథమ పాఠములు.

ఇక మా యింటి కథ. మా అప్ప కుమార్తె జంతుశాస్త్రమున పట్టము పుచ్చుకొన్నది. విశాఖ తీరమున నీటి క్రింది యీత నేర్పువారియొద్ద నేర్చి, పరీక్షయు నెగ్గినది. గడచిన మాఘమాసమున కొందరు సహాధ్యాయులతో కలిసి మా జిల్లా తీరపు రాళ్ళయొద్ద లెక్క తీయుటకు నిశ్చయించుకొన్నది. ఈ సంగతి తెలిసి మా అప్ప యింట పెద్ద కలవరము పుట్టినది. అప్పటికే పిల్లకు మంచి సంబంధమొకటి కుదురునట్లుండెను. "ఆడపిల్లను సముద్రములో దింపి చేపలు లెక్కపెట్టించుటకా మేము చదివించినది? వినినవారేమనుకొందురు? ఏమైన నైనచో ఎవరు జవాబుదారి?" యని మా అప్ప దుఃఖపడెను. బావగారు మాటలాడలేదు. పిల్ల నాయొద్దకు వచ్చి, "పిన్నీ, నీవు చదువుకొన్నదానవు. అమ్మకు నీవు చెప్పవలెను" అనెను.

నేను వెంటనే మాట యియ్యలేదు. కన్నతల్లి భయమును మూఢత్వమని త్రోసివేయుట సులభము, న్యాయము గాదు. సముద్రము పాలైన బిడ్డలను తలచి ఏడ్చు తల్లులు మా తీరమున ప్రతి గ్రామములో నున్నారు. "నీవు దిగుదినమున నేనును వచ్చి చూచెదను. చూచిన పిదపనే మీ అమ్మతో మాటలాడెదను" అంటిని.

ఫాల్గుణమాసమున నొక ఆదివారము తెల్లవారుజామున మేము దంపతులము, పిల్ల చింతపల్లి చేరితిమి. వారు నలుగురు, ఇద్దరు బాలికలు, ఇద్దరు యువకులు. వారిని తీసికొనిపోవుటకు ఇంజను పడవతో సిద్ధముగా నున్న వృద్ధుడు మా వారి శిష్యుని తాతయే. అతనికి యంత్రములతో పని లేదు. ఒడ్డుననున్న కొండకొమ్మును, దీపస్తంభమును, దూరపు తాటితోపును ఒకదానితో నొకటి కలిపి చూచి, నీటి క్రింది రాయి యెచ్చటనున్నదో చెప్పగలడు. వారు ఫోనులో చూచుకొన్న గురుతును, ఆ తాత నిలిపిన చోటును ఒకటే యైనవని తరువాత విని ఆశ్చర్యపడితిని.

నేను ఒడ్డున చేపలబుట్టల ప్రక్కన కూర్చుంటిని. ఆడవారు నా చుట్టును చేరిరి. "ఓలమ్మ! సముద్రానికి నెక్కలేటమ్మా? ఆటిని నెక్కెట్టి ఏటి సేస్తారు?" అని ఒక ముసలమ్మ నవ్వెను. నాకు తోచిన సమాధానము చెప్పితిని. "మీ బుట్టలోనికి పూర్వమెన్ని చేపలు వచ్చెడివో, నేడెన్ని వచ్చుచున్నవో మీకు తెలియును. ఏల తగ్గినవో తెలియవలెనన్న లోపల చూడవలెను గదా" అంటిని. ఆమె నవ్వు మాని చాలసేపు మౌనముగా నుండి, తాను కోడలుగా వచ్చిన కొత్తలో బుట్ట మోయలేక ఇద్దరు ఎత్తెడివారని చెప్పెను.

పిల్లలు రెండు పర్యాయములు దిగి, ఎండ యెక్కకముందే తిరిగివచ్చిరి. పిల్లను చూచువరకు నా గుండె కుదుటబడలేదు. వచ్చినవెంటనే నేను కబురులు చెప్పుదురనుకొంటిని. వారు ఒకరితో నొకరు మాటలాడక, నలుగురు నాలుగు వైపుల కూర్చుండి, ఎవరి పలకను వారు కాగితమునకెక్కించిరి. మాటలాడుకొన్నచో ఒకరి జ్ఞాపకము మరియొకరి లెక్కను చెరచునట. అంతయు వ్రాసిన పిదపనే కాగితములు ప్రక్క ప్రక్కన పెట్టి పోల్చిరి. ఒకరు చూచి మరియొకరు చూడని చేప యున్నచో దానిని దిద్దరు. రెండు లెక్కలును అట్లే యుండును.

అందులో బొంతు అను చేప కెదురుగా చిన్నవి కొన్ని, పెద్దవి సున్న యని మా పిల్ల వ్రాసెను. ఆ మాట చెవినబడి పడవతాత కోపించెను. "ఏటి పాపా, నేనబద్దమాడతన్నానా? మా అయ్యతో ఎల్లినప్పుడు ఆ రాళ్ళకాడ బొంతులు దూడలంతేసి ఉండీవి. సున్న రాసీసినావేటి?" అనెను. యువకులలో నొకడు తాత మనసు నొప్పింపనేల యని, "కొన్ని కలవని వ్రాసిన నేమి?" అనెను. పిల్ల ఒప్పుకొనలేదు. తాత కాళ్ళయొద్ద ఇసుకలో కూర్చుండి, "తాతా, నేను నేడు చూచినది సున్న. నీవు నాడు చూచినది దూడలంత. రెండును నిజమే. నీ మాటకు వేరు గడి యున్నది. ఏ యేట చూచితివో, ఎంత పెద్దవో, ఏ గాలమునకు పడెనో చెప్పుము, వ్రాసికొందును" అని పెన్సిలు పట్టెను. తాత మెత్తబడి, సంవత్సరములు తెలియక, పెద్దకొడుకు పుట్టిన యేడు, పెద్ద తుపాను వచ్చిన యేడు అని ఆనవాళ్ళు చెప్పసాగెను. గంటసేపు చెప్పెను. ఆమె గంటసేపు వ్రాసెను.

ఆనాడు నాకొక సంగతి స్పష్టముగా తెలిసినది. సున్న వేరు, ఖాళీ వేరు. డబ్బా తెరచి చూచి పంచదార లేదనుట యొకటి, డబ్బాయే తెరవకుండుట మరియొకటి. ఖాళీగడి యనగా నేను చూడలేదని యర్థము. సున్న యనగా నేను చూచితిని, అది లేదని యర్థము. లేని దానిని లేదని వ్రాయుటకు ఉన్నదానిని వ్రాయుటకంటె ధైర్యము కావలెను. జాలితో నొక అంకె వేసినచో ఆ తాతకు ఆ పూట సంతోషము కలుగును. మరుసటి తరము వారికి మాత్రము ఆ రాళ్ళయొద్ద చేపలు తగ్గనే లేదని ఆ కాగితమే సాక్ష్యమిచ్చును.

1995లో డేనియల్ పాలీ అను మత్స్యశాస్త్రజ్ఞుడు ఒక చక్కని విషయమును వెల్లడించెను. ప్రతి తరమువారును తమ యౌవనమున చూచిన సముద్రమునే సహజమైన సముద్రమనుకొందురు. తాత చూచినది తండ్రి యెరుగడు, తండ్రి చూచినది కొడుకెరుగడు. ఈ విధముగా కొంచెము కొంచెముగా తరుగుచు పోవుచున్నను ఎవ్వరికిని నష్టము తోచదు. తాత చెప్పిన మాటలను గడి కట్టి వ్రాసిననే కాని నేటి సున్నకు అర్థము పూర్తికాదు. అక్షరజ్ఞానము లేని ఆ వృద్ధుడు ఆ పద్దులో నొక పుటకు కర్త.

వ్రాసిన అంకె యెంత దూరము పోగలదో మరియొక దృష్టాంతము చెప్పెదను. మా తీరమున శీతకాలపు చివర సముద్రపు తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డునకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. పొరుగున ఒడిసాలో ఋషికుల్య, గహిర్మథ తీరములకు అవి వేలకొలది వచ్చును. 2021 మార్చిలో గహిర్మథయొద్ద నొక తాబేటి రెక్కకు 03233 అను అంకెగల లోహపు బిళ్ళ తగిలించిరి. 2025 జనవరిలో అదే తాబేలు పడమటి కడలి తీరమున, మహారాష్ట్రములోని గుహాగర్ ఇసుకలో గ్రుడ్లు పెట్టుచుండగా చూచి బిళ్ళ చదివిరి. తూర్పు తీరపు తాబేలు దేశమును చుట్టి పడమటి తీరమున సంతానమును కనునని అంతకుముందు తెలియదు. ఒకచోట ఒకరు శ్రద్ధగా వ్రాసిరి, వేరొకచోట వేరొకరు శ్రద్ధగా చదివిరి. ఆ యిద్దరి మధ్యను నాలుగేండ్లు గడచినను పద్దు చెడలేదు.

సముద్రములో దిగుట స్త్రీకి తగదనువారికి ఒక మాట. జపానులో ఆమా యనెడి స్త్రీలు, కొరియాలోని జెజూ దీవిలో హెన్యో యనెడి స్త్రీలు తరతరములుగా గాలి సిలిండరు లేకయే, ఊపిరి బిగబట్టి మునిగి శంఖములను, నాచును తెచ్చి సంసారములు పోషించుచున్నారు. వారిలో అవ్వలును గలరు. జెజూ స్త్రీల విద్యను 2016లో యునెస్కోవారు మానవజాతి వారసత్వముగా గణించిరి. 1970లో అమెరికాలో సిల్వియా యెర్ల్ అను శాస్త్రజ్ఞురాలి నాయకత్వమున అయిదుగురు స్త్రీలు సముద్రము క్రింద కట్టిన యింటిలో రెండు వారములు కాపురముండి, ప్రతిదినము వెలుపలికి వచ్చి చేపలను, నాచును పరిశీలించిరి.

నేను మా అప్పయొద్దకు పోయి, చూచినది చూచినట్లు చెప్పితిని. అపాయము లేదని చెప్పలేదు. అపాయమునకు వారు పెట్టుకొన్న నియమములను చెప్పితిని. అప్ప చాలసేపు విని, "ఒంటరిగా దిగనని, గాలి మబ్బు ఉన్ననాడు పోనని, పైకి రాగానే నాకు ఫోను చేసెదనని మాట యిమ్మనుము" అనెను. మొదటి రెండును వారి నియమములలో మునుపే యున్నవి. మూడవదానిని మా పిల్ల ఆనాటినుండి చేర్చుకొన్నది.

అంతటితో అంతయు శుభమని వ్రాయజాలను. సంబంధము వారికి ఈ సంగతి తెలిసినది. పెండ్లికి పిదప ఈ పని మానివేయవలెనని కోరిరి. పిల్ల, "మానుదునని ఇప్పుడు చెప్పి తరువాత మానకుండుటకంటె ఇప్పుడే చెప్పుట మేలు" అని సవినయముగా జవాబు పంపినది. ఆ సంబంధము తప్పిపోయినది. వరుడు యోగ్యుడే. మా అప్ప నాతో రెండు నెలలు సరిగా మాటలాడలేదు. పిల్ల యొకనాటి రాత్రి మా యింట కన్నీరు పెట్టుకొన్నమాటయు నిజము. మరునాడు లేచి ఆమె చింతపల్లి కాగితములను శుభ్రముగా ప్రతి వ్రాసినది. ఆ ప్రతిలోను బొంతునకెదురుగా సున్న అట్లే యున్నది. నేటికి మరి రెండు పర్యాయములు లెక్క తీసిరి. అప్ప ఇప్పుడు ఫోను వచ్చువరకు దేవునిగది ముందు కూర్చుండును. కాని పోవలదని యనుట లేదు.

సోదరీమణులారా! మనలో పెక్కుమందికి నీటిలో దిగు యోగము లేదు, అవసరమును లేదు. ఒడ్డుననుండి చేయదగిన పని మాత్రము చాల గలదు. తీరపు గ్రామములలో నున్నవారు పోటు తీసిన వేళ పిల్లలను తీసికొని రాళ్ళయొద్దకు పోయి, గుంటలలో నిలిచిన నీటిలో కనబడు పీతలను, శంఖములను, చిన్నచేపలను తాకక చూచి, తేదితో వ్రాసియుంచవచ్చును. తాబేలు గ్రుడ్లు పెట్టిన జాడ కనబడిన, దానిని కదపక అటవీశాఖవారికి తెలుపవచ్చును. ఫోనుతో ఫోటో తీసి, స్థలము, వేళ జతపరచి శాస్త్రజ్ఞులకు పంపు సాధనములు నేడు సులభముగా నున్నవి.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. మీ వీధికి బుట్ట తెచ్చు ముసలమ్మను, మీ యింట పనికి వచ్చు మత్స్యకారుల ఆడపడుచును అడిగి చూడుడు. వారి చిన్ననాట వచ్చి నేడు రాని చేపలేవి? వాని పేర్లేమి? ఎంత పొడవుండెడివి? ఏ నెలలో వచ్చెడివి? రస్సెల్ వ్రాసిన రెండువందల చేపలలో నేటి మన పిల్లలు పదింటి పేర్లు చెప్పగలరో లేదో! చేప పోయినచో పేరు పోవును. పేరు మరచినచో చేప పోయినదని కూడ తెలియదు. ఒక వంటపుస్తకములోనో, పిల్లల పాతనోటు వెనుకనో, చెప్పినవారి పేరు, వయసు, తేది వేసి నాలుగు పంక్తులు వ్రాసియుంచుడు. చింతపల్లి ఒడ్డున నాకు బుట్ట కథ చెప్పిన ముసలమ్మ పదునేడు పేర్లు చెప్పినది. నేను వ్రాసికొని మా పిల్లకిచ్చితిని. అందులో నాలుగింటిని ఇంకను ఎవరును గుర్తుపట్టలేదు. వాని యెదుట గడిని ఖాళీగానే యుంచితిమి, సున్న వేయలేదు.